ఏ భాగంలోనూ లేని రోజు

ముప్పై ఎనిమిదేళ్లుగా ఆ ఆసుపత్రి రికార్డు గది నా చేతిలోనే ఉంది. నాకు అంకెలు బాగా వచ్చు, అక్షరాలైతే కూడబలుక్కోవాలి. అయినా ఒక్క ఫైలు తప్పు అరలో పెట్టిన పాపాన పోలేదు.

కంప్యూటరు పిల్ల వచ్చి, పేర్ల పట్టికంతా ఏడాదికో భాగంగా విడగొట్టింది. "ఇక మొత్తం వెతకక్కర్లేదు బాబాయ్. ఏ ఏడాదో చెబితే ఆ భాగంలోనే చూస్తుంది. రెప్పపాటులో పని" అంది. నన్ను ఒక్క ముక్క అడగలేదు. అది నేను మర్చిపోలేదు.

ఆ రోజు పొద్దున పదకొండింటికి పైనుంచి ఫోను. ఆపరేషన్ బల్ల మీద ఉన్నది మా తమ్ముడు. వెనకటిసారి ఏ మత్తుమందు పడక వాడి ప్రాణం మీదికొచ్చిందో పాత ఫైల్లోనే ఉంది. అది కావాలి, వెంటనే.

పిల్ల వెతికింది. లేదు. తర్వాతి ఏడాదిలోనూ లేదు.

"తారీఖు సరిగ్గా గుర్తుందా బాబాయ్?"

"ఏడాది ఆఖరి రోజు. నా భుజాన వేసుకొచ్చాను వాణ్ణి."

ఆమె మొహం పాలిపోయింది. "ప్రతి భాగాన్నీ ఆఖరి రోజుకు ముందే ఆపేశాను... ఆ రోజు వచ్చినవాళ్లంతా ఏ ఏడాదిలోనూ చేరక మిగులు భాగంలో పడుంటారు."

"ముందే నన్నడిగితే నీ నోరు అరిగిపోయేదా?"

మిగులు భాగం తెరిచింది. నెత్తిమీద ఫ్యాను ఆగిపోయింది. స్పిరిట్ వాసన, తడిసిన కాగితం వాసన... తెర మీద ఆ తారీఖుకి రెండు పేర్లు.

"ఒకటి మీ తమ్ముడు. రెండోది... మీరు."

"నేను ఏనాడూ ఇక్కడ మంచమెక్కలేదు."

"మీ పేరు పక్కన, ఇంటికి పంపిన తారీఖు ఖాళీగా ఉంది బాబాయ్" అని గొణిగింది.

తమ్ముడి అర నంబరు చూసి లోపలికెళ్లాను. బీరువాల మధ్య చీకటి. చెయ్యి పెట్టాను. ఫైలు దొరికింది. అట్ట వెచ్చగా ఉంది... ఎవరో ఇప్పుడే పెట్టి వెళ్లినట్టు.

బయటికొచ్చి ఫైలు పిల్ల చేతికిచ్చేసరికి ఫోను మోగింది. పైనుంచి నర్సు.

"ఫైలు ఇక వద్దండీ. పేషెంటు వాళ్లన్నయ్య ఇక్కడే ఉన్నారు. తలదగ్గర నిలబడి మందు పేరు చెప్పారు."

"ఏం మందు?"

చెప్పింది. ఆ పేరు నేను పైకి అన్నాను. పిల్ల ఫైలు తిప్పి, ఎర్రగీత మీద వేలు పెట్టింది. పడనిది అదే.

"ఆపండమ్మా" అన్నాను.

"ఎక్కించేశామండీ. ఆయన ఒప్పుకోలు కాగితం మీద వేలిముద్ర కూడా వేశారు."

నాకు ఏడుపు రాలేదు. భయమూ రాలేదు. ఫోను పెట్టేసి, నా బొటనవేలు చూసుకున్నాను.

సిరా ఇంకా ఆరలేదు.