కిటికీ అవతల గాడిద మొహం

"బాబాయ్, మీ బొమ్మలాయన రోజూ నన్ను వెక్కిరిస్తున్నాడు," అంది పశువుల డాక్టరమ్మాయి, చేతులైనా తుడుచుకోకుండా పత్రికాఫీసులోకి వచ్చి.

బాబాయ్ అంటే ఎడిటరుగారు. ఆమె క్లినిక్కు వీధికి అటువైపు, బొమ్మలాయన కుర్చీ ఇటువైపు కిటికీ దగ్గర.

"నిన్న పెదవెత్తి పళ్ళు చూపించాడు. మొన్న బుగ్గలు ఉబ్బించాడు. ఇవాళ నాలిక బయటపెట్టాడు."

బొమ్మలాయన పెన్సిలు చెవి మీద పెట్టుకుని లేచాడు. "నిన్నటిది గాడిదండీ. మొన్నటిది కప్ప. ఇవాళ్టిది బస్సెక్కిన గొర్రె."

ఆ పత్రిక చివరి పేజీ మూలన వింత వార్తలు వేస్తారు. ఎక్కడో గొర్రె బస్సెక్కి సీటు వదల్లేదనీ, ఎక్కడో చిలుక ఫోనులా మోగి వీధినంతా పరిగెత్తించిందనీ. వాటికి బొమ్మలు ఇతనివి. జంతువు మొహం తను పెడితేగాని అతని చెయ్యి కదలదు. కిటికీ అద్దంలో చూసుకుంటూ గీస్తాడు. అద్దానికి అవతల ఎవరున్నారో ఎరగనంటే మాత్రం నమ్మడం కష్టం.

"అది గాడిదా?" అంది ఆమె. "గాడిద వాసన పట్టేటప్పుడు తలెత్తి, పై పెదవి ముక్కు మీదికి మడుస్తుంది. మీరు పెట్టింది పంటినొప్పి వచ్చిన గుమాస్తా మొహం."

ఆఫీసంతా నవ్వింది. ఎడిటరుగారు నవ్వలేదు. అన్న కూతురు వచ్చి చెప్పిన మాట. కుర్చీని కాగితాల గదిలోకి మార్పించారు. ఆ గదికి కిటికీ లేదు.

బొమ్మలాయన చేతి అద్దం ఒకటి కొనుక్కున్నాడు. కాని అందులో తన మొహం తప్ప ఏముంది?

వానలు పట్టాయి. పిల్లి, ఏనుగు, బాతు అన్నీ ఒకటే దిగులు మొహంతో అచ్చవసాగాయి.

ఓ మధ్యాహ్నం గొడుగు దులుపుకుంటూ ఆమె మళ్ళీ వచ్చింది. చంకలో పేపరు.

"బాబాయ్, ఈ బాతుకి ఒంట్లో బాగాలేదు."

"బొమ్మకా?"

"కళ్ళు చూడు, ఎలా పీక్కుపోయాయో. ఆ కుర్చీ కిటికీ దగ్గర వేయించు."

"వెక్కిరిస్తున్నాడన్నావుగా."

"సూది వేసేటప్పుడు కుక్కలు ఆయన్ని చూస్తూ ఉండిపోయేవి. ఇప్పుడు నన్ను చూస్తున్నాయి. చూసి ఊరుకోవట్లేదు." కట్టు కట్టిన వేలు చూపించింది.

"కుక్కలేనా అటు చూసేది?"

ఆమె గొడుగు మడవడంలో పడిపోయింది.

కుర్చీ కిటికీ దగ్గరికొచ్చింది. అప్పట్నుంచి ఆమె మేకపిల్లనో కుందేలునో కిటికీలోంచి ఎత్తి చూపించేది. అతను ఆ మొహం పెట్టేవాడు. కాదని తలూపేది. మళ్ళీ పెట్టేవాడు. వాన కూడా వీధి మధ్యలో నిలబడి చూసేది, చూడలేక తప్పుకునేది.

ఒకనాడు అతను పెట్టిన మొహం ఆమెకి అంతుపట్టలేదు. కనుబొమలు పైకి, నోరు సగం తెరిచి, మూసి, గుటక. రోడ్డు దాటి వచ్చింది.

"ఇది ఏ జంతువండీ? నా చదువులో రాలేదు."

"జంతువు కాదండీ. మిమ్మల్ని పెళ్ళి చేసుకుంటారా అని అడగబోయి, మాట పెగలనివాడి మొహం. పొద్దున్నుంచీ పెడుతున్నాను."

ఆమె వచ్చిన దారినే వెళ్ళిపోయింది. అతను కుర్చీ వైపు చూసుకున్నాడు. ఇక దీనికి కాగితాల గదే అనుకుని, పెన్సిళ్ళు ఏరుకోసాగాడు.

అవతల కిటికీ తెరుచుకుంది. ఆమె అటూ ఇటూ చూసి, తలెత్తి, పై పెదవి ముక్కు మీదికి మడిచింది. అచ్చు గాడిద.

వెనక ఎడిటరుగారు కళ్ళజోడు సవరించుకున్నారు. "ఏమంటుందోయ్?"

"ఒప్పుకుందండీ."

"ఆ మొహం ఒప్పుకున్నట్టా?"

"నాకైతే అంతేనండీ."

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ చూశారు.

"సరే. మా అన్నయ్య దగ్గరికి వచ్చేటప్పుడు మాత్రం నీ సొంత మొహంతో రా."