పదకొండో నిమిషం

బండి ప్రాణం పోయింది. టైమ్ ఉదయం 9.41.

లక్ష్మణప్ప నోట్‌బుక్ తీశాడు. స్టార్ట్ 9.30. తొమ్మిదో నిమిషంలో దగ్గు. పదకొండులో చావు.

పోలీసు మోటారు సెక్షన్‌లో హెడ్ కానిస్టేబుల్‌గా రిటైరై, కెలమంగలం బస్టాండు వెనక మెకానిక్ షాపు పెట్టుకున్న మనిషి. ఆయన దగ్గర రిపేరు ఉండదు, ఎంక్వయిరీయే. భార్య పోయాక ఆయన ఎక్కువగా మాట్లాడేది ఇంజన్లతోనే.

ఎదురుగా మునిలక్ష్మమ్మ. ఆమె భర్త సుబ్బరాయప్ప పట్టుపురుగులు పెంచేవాడు. పోయి పద్నాలుగు నెలలు. ఈ నూరు సీసీ బండి ఆయనదే. పక్కన మరిది శ్రీరామప్ప.

"నాలుగు గంటల దాకా చూస్తానప్పా," అన్నాడు మరిది. "అంతలోపల బాగుపడలేదంటే పాత ఇనుముకి వేసేస్తాను. వదిన తోలేది లేదు, పాడూ లేదు."

మునిలక్ష్మమ్మ కొంగు వేలికి చుట్టుకుంది.

"తోలవు. మరి స్టార్ట్ ఎందుకు చేస్తావమ్మా?" అన్నాడు లక్ష్మణప్ప.

"ఆయన పొద్దున్నే స్టార్ట్ చేసి, అది వేడెక్కే దాకా కాఫీ తాగుతా ఉండేవాడు. పావుగంట. ఆ సద్దు లేకపోతే ఇల్లు నన్ను మింగేసేట్టు ఉంటాదప్పా."

"ఎప్పటి నుంచి ఆగిపోతా ఉంది?"

"వారమైంది."

"వారం కింద ఏం చేసినారు?"

"నేనే ట్యాంకు నింపించుకొచ్చినాను," అన్నాడు శ్రీరామప్ప. "అమ్మితే నాలుగు రూపాయలు ఎక్కువొస్తాదని."

లక్ష్మణప్ప రాసుకున్నాడు.

అనుమానితులను ఒక్కొక్కరినే పిలిచాడు. స్పార్క్ ప్లగ్: రంగు బాగుంది, వదిలేశాడు. ఎయిర్ ఫిల్టర్: శుభ్రం. కార్బురేటర్ విప్పి జెట్ ఊదాడు. ఐడ్లింగ్ స్క్రూ పావు చుట్టు తిప్పాడు. పెట్రోల్‌లో నీళ్లున్నాయేమోనని మూత తీశాడు. మూత మీద బొట్టుంది. చెరగకుండా జాగ్రత్తగా తీసి, అంతే జాగ్రత్తగా పెట్టాడు.

కిక్ కొట్టాడు. బతికింది. 11.20.

11.31కి చచ్చింది. ఇంకోసారి మూత తీసి పెట్రోల్ చూసి కిక్ కొడితే బతికి, మళ్లీ పదకొండో నిమిషానికే చచ్చింది.

"దీని దుంప తెగ!"

మధ్యాహ్నం డబ్బాలోని చద్దన్నం ఒక్కడే తిన్నాడు. నోట్‌బుక్ మళ్లీ తిరగేశాడు. చచ్చిన బండి బతికిన ప్రతిసారీ, అంతకుముందు ఒకే పని జరిగింది.

మూత తీశాడు.

మూడుంబావుకి మళ్లీ నడిపాడు. పదకొండో నిమిషంలో ఆగింది. ట్యాంకుకి చెవి ఆనించి మూత తిప్పాడు. 'స్‌స్...' లోపలికి గాలి పీల్చుకుంది.

3.40కి వదినా మరిదీ వచ్చారు.

"ముద్దాయి దొరికినాడు," అన్నాడు లక్ష్మణప్ప. "కళ్లముందరే ఉంటే, బొట్టు గదా అని నేనే తాకకుండా వదిలేసినాను."

మూత మీది తాళం పక్కన పసుపు, దాని మీద కుంకుమ, పొర మీద పొర. పిన్నుతో గీకాడు. కింద సూదిమొనంత రంధ్రం.

"పెట్రోల్ కిందికి దిగాలంటే పైనుంచి గాలి పోవాల. దారి ఇదే. మూసుకుంటే కార్బురేటర్ ఎండిపోతాది. సగం ట్యాంకప్పుడు లోపల గాలుండె, పావుగంటకి సరిపోయింది. నింపినాక జాగా లేదు."

శ్రీరామప్ప గిర్రున తిరిగాడు. "వదినా! నువ్వు కుంకుమ ముట్టుకుంటా ఉండావా?"

ఆమె తలొంచుకుంది. "నాకు పెట్టుకునే రాత లేదు గదా. ముప్పై ఏండ్ల అలవాటు, పొద్దున్నే చెయ్యి ఊరికే ఉండదు. ఆయన బండికన్నా పెడదామని..."

లక్ష్మణప్పకి ఒళ్లు మండింది. "కేసు నాదప్పా, శ్రీరామప్పా. నువ్వు ఊరుకో." ఆమె వైపు తిరిగాడు. "ఇంక మూత మీద వద్దమ్మా. హెడ్‌లైట్‌కి పెట్టు. ఆడ రంధ్రం లేదు."

పిన్ను తుడిచి జేబులో పెట్టుకున్నాడు.

"నీ నుదుట్న కూడా లేదు."

కిక్. 3.47. ఐడ్లింగ్ నిలకడగా పట్టింది. ముగ్గురూ వాచీ చూశారు. 3.58 వచ్చింది, పోయింది. నాలుగైంది. శ్రీరామప్ప బస్టాండు వైపు నడిచాడు.

మునిలక్ష్మమ్మ సంచిలోంచి కుంకుమ భరిణె తీసింది. హెడ్‌లైట్‌కి బొట్టు పెట్టింది. అదే వేలితో బండి అద్దంలోకి వంగింది. వేలు నుదుటి దాకా పోయి ఆగింది. చాలాసేపటికి కొంగుకి తుడుచుకుంది.

"రేపు చూస్తానప్పా."

"సరేమ్మా."

4.25. ఇంజన్ ఇంకా తిరుగుతూనే ఉంది. తాళం తిప్పి ఆపడానికి ఇద్దరిలో ఎవరికీ చెయ్యి రాలేదు.