నాలుగో కేబుల్ రెండో చివర

మా అక్క ఆపరేషనై ఆసుపత్రి పైవార్డులో ఉంది. ఆమె గుండె ఎలా కొట్టుకుంటోందో నర్సు ముందున్న తెర మీద కనబడాలంటే కింద నేలమాళిగలో నెట్‌వర్క్ సరిగ్గా నడవాలి. అది చూసుకునేది నేనూ, అక్క మొగుడైన మా బావా. తెరలకీ యంత్రాలకీ లంకె వేసే పాత స్విచ్ పెట్టె మాటిమాటికీ మొరాయిస్తోందని ఆ మధ్యాహ్నం నాలుగు కొత్తవి తెచ్చాం. కేబుళ్లతో వరసగా కలిపి, చివరిదాన్ని మళ్ళీ మొదటిదానికి తగిలిస్తే నాలుగూ ఒక్క పెట్టెలా పనిచేస్తాయి.

పట్టపగలే అయినా కిందికి వెలుతురు రాదు. చెవులు మూసుకుపోయే ఫ్యాన్ల హోరు, వేడెక్కిన ప్లాస్టిక్ వాసన. స్విచ్‌లు బిగించిన ఇనప ర్యాక్ ముందు నేను, వెనక బావ. ప్రతి కేబుల్‌కీ రెండు చివర్లా ఒకే నంబరు రాసిన పసుపు టేపు చుట్టడం నా అలవాటు.

"ముస్తాబు చేసింది చాల్లే బామ్మర్దీ, ఇలా ఇవ్వు!"

మూడు కేబుళ్లు అయ్యాయి. నాలుగోదాన్ని సందులోంచి తోశాను. అవతల్నించి ఒక చేయి అందుకుంది.

"పట్టుకున్నావా బావా?"

"ఊఁ..."

గొంతు బొంగురుగా ఉంది. కేబుల్ బిగిసింది. నా వైపు లాగితే రాలేదు.

"కొంచెం వదులు బావా."

"వదలను..."

అంత హోరులోనూ గుసగుసలా వినపడింది. అవతలి చివర టక్కున స్విచ్‌లో దిగింది. దీపాలన్నీ పచ్చగా వెలిగాయి.

అప్పుడే తలుపు తోసుకుని బావ లోపలికొచ్చాడు. చేతిలో రెండు టీ కప్పులు.

"నువ్వెప్పుడు వెళ్ళావు?"

"మూడోది పెట్టగానే. చెప్పే వెళ్ళానుగా, ఈ హోరులో వినపడలేదేమో!"

ర్యాక్ వెనక్కి తొంగి చూశాను. ఎవరూ లేరు. ఎందుకో అక్క గుర్తొచ్చింది. బావకి ఒక్క ముక్క కూడా చెప్పకుండా పైకి పరుగెత్తాను.

తెర మీద గుండె గీత నిలకడగా సాగుతోంది. హమ్మయ్య అనుకున్నాను. అక్క నీరసంగా నవ్వింది.

"ఇందాక ఊపిరాడలేదురా. ఇక అయిపోయాననుకున్నా. ఎవరో వచ్చి చేయి పట్టుకున్నారు... ఎంత చల్లటి చెయ్యో! ఇంకా వదల్లేదు."

మంచం పక్కన ఎవరూ లేరు. దుప్పటి తొలగించాను. అక్క మణికట్టుకి పసుపు టేపు. దాని మీద నా చేతిరాతలోనే... నాలుగు.

జేబులో ఫోన్ మోగింది. బావ.

"ఏరా, నాలుగో కేబుల్‌కి వెనకవైపు టేపేదీ? ఊడిపోయినట్టుంది. నువ్వు అక్కడే ఉండు. కేబుల్ తీసి, కొత్త టేపు చుట్టి పెట్టేస్తాలే."

"వద్దు బావా! ముట్టుకోకు..."

అవతల ఫ్యాన్ల హోరు.

"ఏంటీ? వినపడట్లేదురా... తీస్తున్నా."

దుప్పటి మీద అక్క చేయి, ఎవరో అటునుంచి లాగుతున్నట్టు, మెల్లగా పైకి లేచింది.