నాలుగో గుండీ

పొద్దున తొమ్మిదింటికి గడియారాల మేస్త్రీని అతని కొట్లోనే చంపేశారు. పాపం, కంటికి భూతద్దం పెట్టుకున్నవాడు పెట్టుకున్నట్టే బల్ల మీద ఒరిగిపోయాడు. గడియారాలు పైకి కనిపించే పని, అసలు పని ప్రభుత్వ శాఖకు గూఢచర్యం. చంపినవాళ్ళు కొట్టంతా గాలించారు గానీ, అతని నాలుక కింద చూడాలని తోచలేదు. అక్కడుంది ఒక నీలం గుండీ.

గంట తిరిగేసరికి ఆ గుండీ పెద్దాయన టేబుల్ మీదికి చేరింది. పెద్దాయనంటే శాఖకు చీఫ్. ఎదురుగా ఏజెంట్ దర్జీ నిలబడి ఉంది. శాఖలో మారువేషాలన్నీ ఆ ఆడమనిషి చేతి కుట్టే కాబట్టి పేరు అలా స్థిరపడిపోయింది.

"ఇది స్కూలు కోటు గుండీ సార్. మా పాప కోటుకీ ఇవే."

"లోపల గ్యాస్ క్యాప్సూల్ ఉంది. రిమోట్ నొక్కితే రెండడుగుల్లో ఎవరూ మిగలరు. విదేశీ ముఠా మేస్త్రీ చేత రెండు చేయించింది. అతని చివరి కబురు ప్రకారం, రెండోది ఇవాళ పదకొండింటికి మీ పాప స్కూల్లో ఉంటుంది. టార్గెట్, ల్యాబ్ ప్రారంభించడానికొచ్చే సైంటిస్టు."

"ఆయనకు పూలిచ్చేది మా పాపే."

పెద్దాయన కళ్ళజోడు తీసి తుడిచాడు. మళ్ళీ పెట్టుకోలేదు.

"ప్రోగ్రాం ఆపలేం. అనుమానమొస్తే అక్కడికక్కడే నొక్కేస్తారు. అక్కడి పాటల టీచర్ని నమ్ముకో."

పాటల టీచరు చూడచక్కని మనిషి. ముఠాలో ముఠా మనిషిలా నటిస్తూ వాళ్ళ గుట్టు శాఖకు చేరవేసే డబుల్ ఏజెంట్. దర్జీని అక్కా అంటుంది, పాప ఆమెను పిన్నీ అంటుంది. నిన్న సాయంత్రమే ఇంటికొచ్చి టీ తాగి వెళ్ళింది.

పదకొండుకు ఐదు నిమిషాలుండగా స్కూలు హాల్లోకి ఒక ముసలి ఆయా వచ్చింది. నెరిసిన విగ్గు, బుగ్గల్లో దూది, చేతిలో టీ ఫ్లాస్కు. నలభైమంది పిల్లలు వరసగా నిలబడ్డారు. ఆయా ఒక్కొక్కరి కాలరూ సర్దుతూ గుండీలు చూసుకుంటూ పోయింది. అన్నీ మిషను కుట్టే.

చివర తన పాప. పై మూడు గుండీలూ తన చేతివే. దారం అడ్డంగా పెనవేసి, గుండీ కింద మూడు చుట్లు మెడలా చుట్టడం ఆమె అలవాటు. నాలుగోదానికి మెడ లేదు. రెండు నిలువు గీతలు, గుడ్డకు అతుక్కుపోయినట్టు.



"అక్కా, గుండీ ఊగుతోంది. నువ్వు కూర్చో, నేను కుట్టేస్తాలే," అంది నిన్న పాటల టీచరు. శాఖలో అందరికీ గుండీలు కుట్టిన మనిషి, ఒక్క పూట అలసిపోయి, సొంత బిడ్డ గుండీ పరాయి చేతికిచ్చింది.

ఆ టీచరు ఇప్పుడు హాలు అవతలి మూల పియానో ముందు ఉంది. పక్కనే పౌడరు డబ్బీ, రిమోట్ పట్టేంత. వేలు దాని మూత మీదే ఉంది.

సైంటిస్టు మెట్లెక్కుతున్నాడు. ఆయా పియానోకి వీపు పెట్టి పాప ముందు మోకాళ్ళ మీద కూర్చుంది. పాప వెనక్కి జరిగింది.

"ముట్టుకోకు. కొత్తవాళ్ళు ముట్టుకుంటే గట్టిగా అరవమంది మా అమ్మ."

ఆ పాఠం నేర్పింది తనే. ఇప్పుడు పాప అరిస్తే డబ్బీ తెరుచుకుంటుంది. విగ్గు తీయడానికి లేదు, పేరు చెప్పడానికి లేదు. బట్టలు కుట్టేటప్పుడు పాప మీదకు వంగి రోజూ అనే మాటే అంది.

"కదిలావంటే దారంతోపాటు ముక్కు కూడా కొరికేస్తా."

పాప కళ్ళు పెద్దవయ్యాయి. పెదాలు బిగించి, పూలగుత్తి పైకెత్తి, బొమ్మలా నిలబడిపోయింది.

దారం పళ్ళ మధ్య తెగింది. గుండీ నాలుక మీద పడింది. మేస్త్రీ గుర్తొచ్చాడు. ఫ్లాస్కులోకి ఉమ్మి మూత బిగించింది.

సైంటిస్టు పూలకోసం వంగాడు. పౌడరు డబ్బీ తెరుచుకుంది. ఫ్లాస్కులో టప్‌మని చిన్న చప్పుడైంది. ఆమె అరచేయి అదిరింది, అంతే.

దర్జీ కనుసైగ అందుకుని, ఫోటోగ్రాఫరు వేషంలో ఉన్న పెద్దాయన టీచరు మణికట్టు పట్టుకున్నాడు.

"ఎలా కనిపెట్టావక్కా?" అంది టీచరు, దాటి వెళ్తూ.

"మెడ చుట్టలేదు నువ్వు," అంది దర్జీ. "దాని చేత పిన్నీ అని పిలిపించుకున్నావు కదే."



సాయంత్రం పాప అడిగింది. "అమ్మా, పిన్ని మళ్ళీ ఎప్పుడొస్తుంది?"

దర్జీ కోటుకున్న గుండీలన్నీ ఊడదీసి, కొత్తవి కుట్టుకుంటూ కూర్చుంది.

ఆ ఇంట్లో నాలుగు వందల సూదులున్నాయి. ఇప్పటికీ ఎవరైనా వస్తే టీ ఇస్తారు, రెండోసారి కూడా పోస్తారు. సూది అడిగితే మాత్రం, మా ఇంట్లో లేదండీ అంటారు.