భీమిలి బొమ్మలో మనిషి

ఇరవై ఏడో నంబరు క్వార్టరు తలుపు హెలెన్ తీయకుండా ఉండాల్సింది. తీసింది.

పేర్లు మార్చాను. మిగతాదంతా ఆమె నాకు చెప్పిందీ, నేను చూసిందీ.

హిందీ రాష్ట్రంలో, రైలు పెట్టెలు బాగుచేసే వర్క్‌షాపు వాళ్ళకిచ్చిన మా డబ్ల్యూఆర్ఎస్ కాలనీలో చివరి వరసలో చివరి ఇల్లు అది. డేనియల్ గారి అమ్మాయి షారోన్ కామెర్లతో అందులోనే పోయింది. సూదితో రాగిరేకు మీద బొమ్మలు గీసి, కాగితం మీద అచ్చు తీసేది. ఆమె పోయాక తండ్రి సెలవు పెట్టి భీమిలి వెళ్ళిపోయారు. ఆ తర్వాతే మొదలైంది— పొద్దుగూకితే లోపల చప్పుడు. గీరుతున్నట్టు... ఆగి, మళ్ళీ గీరుతున్నట్టు.

"ఆ పిల్ల ఇంకా గీత్తంది," అనేది మా అత్తగారు దాలమ్మ, గొంతు తగ్గించి.

తాళంచెవి హెలెన్ భర్త శామ్సన్ దగ్గర ఉండేది. ప్రతి శనివారం పట్టపగలే వెళ్ళి ఊడ్చి వచ్చేవాడు. హెలెన్ బాధ దెయ్యం గురించి కాదు.

"అది బతికుండగా రేకులు తుడుచుకోడానికి పండరీ బజారు నుంచి మెత్తటి మల్లుగుడ్డ మోసేవాడక్కా. నాకు జాకెట్టు ముక్క తెమ్మంటే మాత్రం భూల్ గయా, మర్చిపోయాట్ట. ఇప్పుడు చచ్చాక కూడా దాని ఇల్లే ఊడుస్తాడు. మా ఇంట్లో చీపురు ఏ మూల ఉంటుందో తెలీదు మహానుభావుడికి."

2011 డిసెంబరు. క్రిస్మస్ పాటలు పాడుతూ చర్చి జట్టు ఇల్లిల్లూ తిరుగుతోంది. సంఘంలో ఉన్నవాళ్ళ గుమ్మం ఒక్కటీ వదలకూడదని వాళ్ళ పద్ధతి. ఇరవై ఏడు దగ్గరికి వచ్చేసరికి అందరూ నసిగారు.

"డేనియల్ గారి పేరు ఇంకా లిస్టులో ఉంది. ఒక్క చరణం పాడి పోదాం," అన్నాడు శామ్సన్.

"నువ్వు పాడు. నీకు అలవాటైన గుమ్మమేగా," అంది హెలెన్.

లోపల కొవ్వొత్తి పెడదామని అతను తాళంలో చెవి తిప్పాడు. చరణం సగంలో ఉంది. లోపల... గర్ర్ మంది.

పాట ఆగింది.

మళ్ళీ గర్ర్...

డోలక్ వదిలేసి మరీ పరిగెత్తాడు సుందరరావు. శామ్సన్‌కి ఎడమకాలు పుట్టుకతో పొట్టి. అయినా అందరికన్నా ముందు అతనే ఉన్నాడట.

హెలెన్ కదల్లేదు.

"వచ్చెయ్... చల్," దూరం నుంచి భర్త గుసగుస.

'నిజంగా అదే ఉంటే ఇవాళ మొహం మీదే అడిగేస్తా' అనుకుంది. తలుపు తోసింది.

ఫోను వెలుగులో గది. ఎదురు గోడ మీద చట్రం కట్టిన బొమ్మ... కదులుతోంది.

చెయ్యి వేసి పట్టుకుంది. చప్పుడు ఆగింది. వదిలింది— గర్ర్. కిటికీ అద్దం పగిలి ఉంది. గాలికి చట్రం వెనక తీగ గోడని గీరుతోంది. అంతే దెయ్యం.

అప్పుడు బొమ్మ చూసింది. షారోన్ గీసిన భీమిలి. కొత్త తరహా బొమ్మ. ఇళ్ళు వట్టి పెట్టెలు, సముద్రం పది వంకర గీతలు, లైట్‌హౌస్ ఒక్క నిలువు గీత. ఇసకలో ఇద్దరు చెయ్యీ చెయ్యీ పట్టుకుని సముద్రం వైపు నడుస్తున్నారు. వీపులే కనిపిస్తాయి. మగమనిషి ఒక పక్కకి ఒరిగి ఉన్నాడు. ఒక కాలు పొట్టి.

హెలెన్ ఫోను దగ్గరగా పెట్టింది... కుడికాలు.

మర్నాడు పొద్దున్నే నన్ను లాక్కెళ్ళి చూపించింది. మొహం వెలిగిపోతోంది. "వాడెవడో వేరేవాడక్కా. మావాడిది ఎడమ. ఊరికే ఏడ్చి చచ్చాను. రాత్రి చేపల పులుసు చేసి పెట్టాను, పాపం."

మా అమ్మమ్మగారిది భీమిలి. అక్కడ సముద్రం వైపు నిలబడితే గోస్తని నది ఎడమచేతి పక్కన కలుస్తుంది. ఈ బొమ్మలో కుడి పక్కన కలుస్తోంది. రేకు మీద గీసింది కాగితం మీద తిరగబడి పడుతుంది, అద్దంలో లాగా. ఊరంతా తిరగబడి ఉంది. ఊరితోపాటు ఆ మనిషీ.



"వేరేవాడే కదక్కా?" అంది హెలెన్.

"వేరేవాడే," అన్నాను.

ఆమె హిందీ మీడియంలో చదివింది, తెలుగు చదవడం రాదు. అందుకే ఇక్కడ రాస్తున్నాను. నోటితో మాత్రం ఎప్పటికీ చెప్పకూడదని ఆ గోడ ముందే నిర్ణయించుకున్నాను. చెప్పలేదు.