డాబా మీద ఎర్రపోగు

"ఆగు! పట్టుకున్నవంటే మంచిగుండదు!"

తూలి గోడకు ఆనుకున్న శ్రీలేఖ అలా కసిరేసరికి, పరుగెత్తుకొచ్చిన జితేందర్ రెండు చేతులూ పైకెత్తేశాడు.

"పట్టుకుంటలేను తల్లీ! ఆరడుగుల దూరం నాకూ తెలుసు."

సూరత్ మొత్తం లాక్‌డౌన్. కింది వాటాలో ఉండే జితేందర్, తను పనిచేసే సాంచాలు, అదే మరమగ్గాలు, ఆగిపోయి ఖాళీగా ఉన్నాడు. శ్రీలేఖకు మాత్రం తీరిక లేదు. నిరుడొచ్చిన జ్వరం చిన్నమెదడును దెబ్బతీసింది. కాళ్లకు బలముంది, చెప్పిన మాట వినవంతే. రోజూ పొద్దున్నే డాబా మీద, ఫోన్లో ఫిజియోథెరపిస్ట్ పద్మారాణి చెప్పినట్టు నడక నేర్చుకుంటోంది. ఎన్నిసార్లు తూలినా సిగ్గుపడదు. ఎవరైనా జాలిగా చూస్తే మాత్రం ఒళ్లు మండుతుంది.

"బరువు వేయకు శ్రీలేఖా. వేలు ఆనేంత ఆధారం చాలు," అంది ఫోన్లో పద్మారాణి.

మర్నాటికి డాబా ఈ కొస నుంచి ఆ కొసకు, నడుమెత్తున ఓ ఎర్రపోగు కట్టి ఉంది.

"ఇదేంది? ముట్టుకుంటే తెగుతది!"

"తెగిందంటే బరువేసినట్టు. ముడేసుడు నా పని. సాంచా మీద రోజూ చేసేది గదే."

మొదటిరోజు పదిహేడు ముడులు.

"సాంచా మీద గిన్ని తెగితే సేఠు నన్ను ఎల్లగొట్టెటోడు," అన్నాడు జితేందర్. శ్రీలేఖ పకపకా నవ్వింది. ఆ నవ్వుకు పద్దెనిమిదోసారి తెగింది.

నెల తిరిగేసరికి మూడు. తర్వాత ఒకటి. ఒక్కటీ తెగని రోజున జితేందర్ సంబరంగా చెప్పాడు.

"రేపట్నుంచి సాంచాలు నడుస్తయట. పొద్దుగాల ఏడింటికే డ్యూటీ!"

శ్రీలేఖకు ఏడుపొచ్చినంత పనైంది. అతను మంచినీళ్లు తాగడానికి అటు తిరిగాడో లేదో, పోగు తెగింది.

"తెగింది," అంది అమాయకంగా.

జితేందర్ కొసలు రెండూ ఎండలో పెట్టి చూశాడు.

"ఇది తెగింది కాదు. గుంజితే తెగిన పోగుకు పీచు లేస్తది. ఇది సాఫ్‌గుంది. జర తడిగ గూడ ఉంది. మాస్క్ దించి మరీ కొరికినవా?"

ఆమె ముఖం ఎర్రబడింది. అయినా తల దించలేదు.

"అవ్, కొరికిన. ముడేయనీకన్నా నువ్వు రావాలె గద! నాకు నువ్వంటే ఇష్టం. కాకపోతే... నువ్వు జాలితోని వస్తున్నవేమో తెల్వదు."

"జాలే ఉంటే తాడు కట్టెటోణ్ని," అన్నాడు జితేందర్.

అతను ముడి వేయలేదు. పోగును వేలికి చుట్టుకుని ఆ కొసకు వెళ్లి నిలబడ్డాడు.

"ఇగ రా."

నాలుగో అడుగులో శ్రీలేఖ ఒరిగింది. అతను కదల్లేదు. తనంతట తనే నిలదొక్కుకుని, చివరిదాకా నడిచింది.

"ఆరడుగుల దూరం?" అన్నాడు జితేందర్.

శ్రీలేఖ అతని అరచేతి మీద ఒక్క వేలు పెట్టింది.

"బరువేస్తలేను. ఆనించిన, గంతే."