కాళ్ళు పట్టినవాడు

మా కోల్డ్ స్టోరేజీలో మధ్యాహ్నమైనా చీకటే. కిటికీలుండవు. తడిసిన గోనెల వాసన, బంగాళాదుంపల మట్టి వాసన, గోడల వెనక యంత్రాల రొద. నేనక్కడ మేస్త్రీని. యంత్రాలు చూసేది మా బావ, అక్క భర్త.

ఆ రోజు కరెంటు పోయింది. రొద ఆగింది. ఆ నిశ్శబ్దంలో ఏదో బరువుగా పడిన చప్పుడు.

ఫోన్ లైటు వేసి చూస్తే బావే. ఊపిరి లేదు. మెడ దగ్గర నాడి ఆడటం లేదు.

అంబులెన్సుకు ఫోన్ చేయమని అరిచి, రొమ్ము మధ్య రెండు చేతులూ ఆనించి నొక్కడం మొదలుపెట్టాను. మధ్యలో ఆపితే రక్తం ఆగిపోతుందని, కాళ్ళు ఎత్తి పట్టుకుంటే అక్కడి రక్తం గుండెకు చేరుతుందని ప్రథమ చికిత్స శిక్షణలో చెప్పారు. హమాలీలు చుట్టూ మూగారు. ఫోన్ల లైట్లు వేసి వీడియో తీస్తున్నారు.

“ఎవరైనా కాళ్ళు పట్టుకోండిరా!”

“ఎవరివి మేస్త్రీ గారూ, మీవా?” అన్నాడు లారీ డ్రైవరు. ఇద్దరు కిసుక్కున నవ్వారు.

“సిగ్గు లేదట్రా? మనిషి పోతున్నాడు!”

“ముట్టుకుంటే కేసులో ఇరుక్కుంటాం. మాకూ పెళ్ళాం పిల్లలున్నారు,” అన్నాడో హమాలీ.

నా ఒళ్ళు మండిపోయింది. లైటు పట్టడానికి ఇన్ని చేతులు, మనిషిని పట్టడానికి ఒక్కటీ లేదు!

“ఎవరో ఒకరు... ఎవరైనా సరే... పట్టండి!”

బావ కాళ్ళు పైకి లేచాయి.

హమ్మయ్య అనుకున్నాను. తల ఎత్తకుండా నొక్కుతూనే ఉన్నాను. కాసేపటికి బావ దగ్గాడు. ఊపిరి అందుకున్నాడు.

“చాలు, దించు నాయనా.”

కాళ్ళు దిగలేదు.

తలెత్తాను. నవ్వులు ఎప్పుడో ఆగిపోయాయి. ఫోన్లు పట్టినవాళ్ళు వెనక్కి జరిగారు. ఆ వెలుగులో బావ పాదాలు గాలిలో ఉన్నాయి... అటు పక్క ఎవరూ లేరు.

“మేస్త్రీ గారూ...” డ్రైవరు గొణిగాడు. “మీరు పిలిచింది... ఎవర్ని?”

అంబులెన్సు వచ్చేసరికి కాళ్ళు వాటంతటవే దిగాయి. బావ బతికాడు. అక్క నా చేతులు కళ్ళకద్దుకుంది. గోదాములో దెయ్యముందని ఆ హమాలీలిప్పుడు అందరికీ చెప్పుకు తిరుగుతున్నారు. బతికున్నవాళ్ళలో ఒక్కడు చెయ్యి చాపి ఉంటే దానికక్కడ పనేముంది? ఆ మాట వాళ్ళ మొహం మీదే అడిగాను.

ఆసుపత్రిలో దుప్పటి కింద బావ కాళ్ళు ఎత్తుగా ఉండటం చూసి నర్సు విసుక్కుంది. “కాళ్ళ కింద అన్ని దిండ్లెందుకమ్మా? తీసేయండి.”

అక్క దుప్పటి ఎత్తింది.

దిండ్లు లేవు.

బావ కళ్ళు తెరవకుండానే నాతో గొణిగాడు. “ఒరేయ్... కాళ్ళు లాగొద్దని వాడికి చెప్పరా...”